సెలవు ఎవరికి?

మన ఆదివారపు పుటలలో ఇటీవల ఒక రకం యాత్రా వ్యాసం బాగా ప్రబలింది. పేర్లు మారుతాయి గాని చట్రం మారదు. ఉద్యోగస్తులైన భార్యాభర్తలిద్దరు శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కుతారు. తెల్లవారి బందరులో దిగి లడ్డు తింటారు. బందరుకోటలో డచ్చివారి సమాధుల ముందు ఫోటో దిగుతారు. పెడనలో కలంకారీ చీర కొంటారు. మంగినపూడి కెరటాలలో కాళ్ళు తడుపుకుంటారు. మరునాడు కారు మాట్లాడుకుని అవనిగడ్డ మీదుగా దివిసీమలోకి పోయి, కృష్ణ సముద్రంలో కలిసే చోట హంసలదీవి వద్ద సంధ్యాకాంతి చూస్తారు. దారిలో తాటిచెట్ల నీడన, తాటాకు దొప్పలో పోసిన కల్లు రుచి చూసి ముచ్చటపడతారు. ఆదివారం రాత్రి గుడివాడ మీదుగా తిరుగు ప్రయాణం. జీవితం అందమైనదన్న తీర్మానంతో వ్యాసం ముగుస్తుంది.

ఈ చట్రం మన దేశంలో పుట్టినది కాదు. అమెరికా వెళ్ళిన మనవాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కో చూచి, అక్కడి నుంచి నాపా లోయ ద్రాక్షతోటలకు పోయి, నాలుగు రకాల ద్రాక్షసారాయి రుచి చూచి వ్రాసిన వ్యాసాలు ఈ అచ్చులోనివే. బెంగుళూరు నుంచి నందికొండల ద్రాక్షతోటలకు పోయివచ్చిన వ్యాసాలూ అంతే. ముందు ఒక నగరం, తరువాత దాని పక్కన మధువు పుట్టే పల్లెసీమ, ఆ రెండింటి నడుమ ఒక జంట సంతోషం. ఇప్పుడు ఆ అచ్చు దిగివచ్చి మన డెల్టా మీద కూర్చున్నది. బందరు నగరమైంది. తాటివనం ద్రాక్షతోట అయింది.

ఒక జంట రెండు రోజులు సంతోషంగా గడిపితే విమర్శకుడికి వచ్చిన నష్టమేమిటని కొందరు అడుగుతారు. ఆ సంతోషంతో మనకు పేచీ లేదు. పేచీ వ్యాసంతో. ఆ వ్యాసంలో చెట్టు వుంది, కల్లు వుంది, తాగిన ఇద్దరున్నారు. చెట్టెక్కినవాడు లేడు. చీర వుంది, అద్దినవాళ్ళు లేరు. సముద్రం వుంది, అది మింగినవాళ్ళు లేరు. ఇది మరపు వల్ల జరిగిన లోపం కాదు. ఒక పల్లెను దృశ్యంగా మార్చాలంటే ముందుగా అందులోంచి శ్రమను తీసివేయాలి. ఈ వ్యాసాలు చేస్తున్న పని అదే.

సెలవు మాటే తీసుకుందాం. జీతం కోసుకోకుండా సెలవు అనేది యజమానుల దయ వల్ల వచ్చినది కాదు. ఫ్రాన్సులో 1936 మే, జూన్ నెలలలో లక్షలాది కార్మికులు ఫ్యాక్టరీలలోనే బైఠాయించి సమ్మె చేసిన తరువాత, పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఏటా రెండు వారాల సెలవును జీతంతో సహా చట్టం చేసింది. ఆ వేసవిలో ఎందరో కార్మికులు, వారి భార్యలు జీవితంలో మొదటిసారి సముద్రం చూశారు. అదే సంవత్సరం అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన సెలవుల ఒడంబడికను ఆమోదించింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికునికి మరు సంవత్సరం ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు నిర్ణయించింది. కనుక బందరు రైలెక్కిన జంట అనుభవిస్తున్న ఆ రెండు రోజుల వెనుక శ్రామికవర్గం చేసిన పోరాటం వుంది. వాళ్ళకు తెలిసినా, తెలియకపోయినా అది నిజం.

సెలవు సంపన్నుల విలాసం, ప్రజా రచయిత దానిని తూలనాడాలి అనే మిత్రులు మనలోనే వున్నారు. వారి మాట మనం ఒప్పుకోనక్కరలేదు. విశ్రాంతి కోరడం తప్పయితే ఎనిమిది గంటల పనిదినం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళంతా తప్పు చేసినట్లే. మన ప్రశ్న వేరు. ఈ సెలవు కొందరి దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఆ జంటకు కల్లు పోసినవానికి సెలవు వుందా?

లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలంటే ఆ పని ఎట్లా జరుగుతుందో చూడాలి.

తాటిచెట్టు తనంతట తాను కల్లు కార్చదు. గీత కార్మికుడు నడుముకు మోకు చుట్టుకుని, గీత కత్తి, కుండ తగిలించుకుని, యాభై అరవై అడుగుల మాను ఎక్కాలి. గెలను కట్టి, నొక్కి, రోజుల తరబడి దువ్వి దానిని మెత్తబరచాలి. ఆ పైన గెల చివరను పలుచగా చెక్కుతాడు. అక్కడి నుంచి బొట్టు బొట్టుగా రసం కుండలో పడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే రసం పులియక తీపిగా నిలుస్తుంది. దానిని కాచితే తాటిబెల్లం. సున్నం లేకపోతే గంటలలోనే పులిసి కల్లవుతుంది. నగరవాసి రుచి చూసి మెచ్చుకునే ఆ తీపికీ పులుపుకీ మధ్య తేడా కార్మికుడి చేతివేగంలో, అతడు చెట్టెక్కిన వేళలో వుంది.

ఇప్పుడు అసలు సంగతి. చెక్కిన గెలను ఏ పూటకాపూట మళ్ళీ చెక్కాలి. ఉదయం ఎక్కాలి, సాయంత్రం ఎక్కాలి. మానితే కోత ఎండిపోతుంది, రసం ఆగిపోతుంది, అన్ని రోజులు పడిన పాటు వ్యర్థమవుతుంది. జ్వరం వచ్చినా చెట్టు ఆగదు, బిడ్డ పెండ్లి అయినా ఆగదు. తాను ఎక్కలేకపోతే తమ్ముడో, కొడుకో, బావమరిదో ఎక్కాలి. యంత్రాన్ని ఆపి రేపు మళ్ళీ తిప్పవచ్చు. గీసిన గెలను ఆపి రేపు తిప్పలేము. అంటే గీత పనిలో, ఆ కాలమంతా, సెలవు అనే మాటకు చోటే లేదు. అట్లాంటి పని చేసినవాడి చెట్టు నీడలో కూర్చుని మనం సెలవు గడుపుతున్నాము.

వ్యాసంలో ఒక జంట వుందన్నాం గదా. అక్కడ రెండో జంట కూడా వుంది. చెట్టు మీద భర్త. చెట్టు క్రింద, కల్లు పాకలో, భార్య. కుండలు కడిగేది, కల్లు వంచి పోసేది, అరువు లెక్కలు జ్ఞాపకం పెట్టుకునేది, తీరిక చిక్కితే తాటాకు చాపలు అల్లేది ఆమె. ఆమె కూలి ఏ లెక్కలోకీ రాదు. భర్త జారిపడిన నాడు ఆ ఇంటిని నిలబెట్టవలసిన మనిషి కూడా ఆమే. మొదటి జంట మీద వందల వ్యాసాలు వచ్చాయి. ఈ జంట గురించి ఒక్క వాక్యం వ్రాయడానికి యాత్రా రచయితకు కలం ఎందుకు సాగదు?

ఇక రాజ్యం ఈ చెట్టును ఎట్లా చూసిందో చూద్దాం. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం నాటి నుంచి తెల్ల దొరతనానికి తాటిచెట్టు ఒక ఖజానా. చెట్టుకింత పన్ను, దుకాణానికింత పాట. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. వేలాది గీత కుటుంబాలకు రేపేమిటన్న ప్రశ్నకు పాలకుల దగ్గర సరియైన జవాబు లేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఎస్. వి. రామమూర్తి సంఘం నిషేధాన్ని ఎత్తివేయవలసిందిగా సిఫార్సు చేసినా మంత్రివర్గం దానిని అమలుపరచలేదు. గౌతు లచ్చన్న నాయకత్వాన గీత కార్మికులు సత్యాగ్రహం చేశారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గం ఈ సమస్య మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. తెలుగువారి తొలి రాష్ట్రంలో తొలి ప్రభుత్వాన్ని కూల్చినది తాటిచెట్టు సమస్య! మన రాజకీయ చరిత్రలో ఇంత పెద్ద స్థానమున్న శ్రమ మన యాత్రా సాహిత్యంలో ఒక నీడగా మిగిలింది.

ఆ తరువాతి కథ మరీ విచిత్రం. 1983 ఎన్నికలలో గుడివాడ నుంచి కూడా గెలిచి అధికారానికి వచ్చిన ఎన్. టి. రామారావు ప్రభుత్వం వారుణి వాహిని పేరున సారాను ఊరూరికి చేర్చింది. ఆ సారా కూలి డబ్బును ఎట్లా పీల్చిందో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో దేశానికంతకూ చాటిచెప్పారు. వారి ఉద్యమం వల్ల 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో అదే రామారావు సంపూర్ణ మద్యనిషేధం ప్రకటించవలసి వచ్చింది. 1997లో నిషేధం పోయింది. 2019లో ప్రభుత్వమే సీసాల దుకాణాలు పెట్టింది; 2024 అక్టోబరులో మళ్ళీ ప్రయివేటు దుకాణాలు వచ్చాయి. 2025 ఆరంభంలో గీత కులాలవారికి మేలు చేస్తున్నామంటూ పదో వంతు దుకాణాలను, అనగా 340 దుకాణాలను, వారికి కేటాయించారు.

ఈ ఆఖరి సంగతి దగ్గర కొంచెం ఆగాలి. చెట్టెక్కేవాడికి చెట్టు మీద హక్కు కావాలి, పడితే వైద్యం కావాలి, ముసలితనంలో పింఛను కావాలి. అతనికి ఇచ్చినదేమిటి? తన కల్లును మార్కెట్టులోంచి తరిమిన సీసానే అమ్ముకునే లైసెన్సు. అదీ అందరికీ కాదు, పెట్టుబడి పెట్టగల కొద్దిమందికి. చేనేతవాడికి మిల్లుబట్టల కొట్టు ఇచ్చి చేనేతను రక్షించామని చెప్పుకోవడం లాంటిది ఇది.

తాగుడును పొగడమని మనం అడగడం లేదు. దూబగుంట స్త్రీలు అడిగిన ప్రశ్న, కూలివాడి రూపాయి ఎవరి పెట్టెలోకి పోతున్నదన్న ప్రశ్న, కల్లుకూ వర్తిస్తుంది. అయితే ఆ ప్రశ్నను కాంట్రాక్టరు మీదికి, పాటదారు మీదికి, ఖజానా మీదికి ఎక్కుపెట్టాలి. గెల గీసినవాడి మీదికి కాదు. అదే రుచిని నాపా లోయలో సంస్కృతి అని, నిడమోలు దారిలో అనాగరికమని అనేవారికి మద్యం మీద అభ్యంతరం ఏమీ లేదు. వారి అభ్యంతరం తాగేవాడి తరగతి మీద. ఇప్పుడు తరగతి మారింది గనుక, హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ కూడా వెలిసింది గనుక, కల్లు కూడా ముచ్చట అయింది. గౌరవం పానీయానికి వచ్చింది, పనివాడికి రాలేదు.

డెల్టా అందం అనేదాని సంగతీ చూద్దాం. కాలువ, వరిచేను, గట్టు మీద తాళ్ళు, ఇదంతా ప్రకృతి ఇచ్చిన బొమ్మ అని వ్యాసకర్త భావన. ప్రకృతి ఇచ్చినది ఒండ్రుమట్టి. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు త్రవ్వినది, పూడిక తీసినది, నాటు వేసినది మనుషులు. ఆ పచ్చదనంలో అధిక భాగం దివి తాలూకాలో చల్లపల్లి జమీందారీ క్రింద వుండేది. ఇప్పుడు యాత్రికుడు చూసి మెచ్చుకునే ఆ కోటకు శిస్తు కట్టినది ఇక్కడి రైతులే.

సముద్రాన్ని చూచినప్పుడు తేదీలు కూడా చూడాలి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకున్నది. గోలకొండ రేవుగా పేరొంది, డచ్చి, ఇంగ్లీషు, పరాసు వర్తకులు పోటీపడిన పట్నం తిరిగి కోలుకోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. ఎక్కువగా చనిపోయినది ఎవరు? పక్కా ఇల్లు లేనివారు: పల్లెకారులు, కూలీలు, గుడిసెలవారు. గాలి అందరికీ ఒకటే వీచింది. గోడలు మాత్రం అందరికీ లేవు. హంసలదీవి ఇసుక మీద నిలబడి ఈ మాట తలపుకు రాని రచయితకు కళ్ళున్నాయి గాని చూపు లేదు.

పెడన చీర వెనుకా ఇంతే కథ. కరక్కాయ నీటిలో గుడ్డ నానవేయాలి. ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టి నలుపు తీయాలి. పటికతో ఎరుపుకు ఆధారం వేయాలి. చెక్క అచ్చులతో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్కసారి అద్ది, పారే నీటిలో ఉతికి, ఎండబెట్టి, మరిగే రంగునీటిలో ఉడికించాలి. మోకాళ్ళ లోతు కాలువ నీటిలో నిలబడి గుడ్డ ఉతికేవాడి రోజు కూలి ఎంతో అడిగిన యాత్రా వ్యాసం ఒక్కటైనా వుందా? చీర ధర మాత్రం అందరూ అడుగుతారు, బేరం కూడా ఆడతారు.

యాత్రికులు వస్తేనే గదా ఊరికి డబ్బు వచ్చేది, పర్యాటకం పెరిగితే ఉద్యోగాలు రావా అని కొందరు వాదిస్తారు. వాదనను దాని మాట మీదనే నిలబెట్టి పరీక్షిద్దాం. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మంచిది. పరిశ్రమ అన్నారు గదా, అయితే అందులో కార్మికులు ఎవరు? హోటలు కట్టినవాడికి రాయితీ వుంది, భూమి వుంది. చెట్టు గీసినవాడు ఈ పరిశ్రమలో కార్మికుడా, కాదా? గుడ్డ ఉతికినవాడు, పడవ నడిపినవాడు, బీచిలో చెత్త ఊడ్చిన ఆడమనిషి కార్మికులా, కారా? అయితే వారికి కనీస వేతనం, వారపు సెలవు, ప్రమాద బీమా ఏవీ? కాకపోతే పరిశ్రమ అన్న మాట రాయితీల కోసం వేసిన వేషమే.

ఇవి సాధ్యం కాని కోరికలు కావు. కేరళలో 1969లోనే గీత కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. అక్కడ గీత కార్మికుడికి భవిష్యనిధి, గ్రాట్యుటీ హక్కుగా దక్కాయి. తెలంగాణలో 2024లో చెట్టు మీద నుంచి పడకుండా కాటమయ్య రక్ష పేరున భద్రతా సామగ్రి పంపిణీ మొదలయింది. చెట్టు ఒకటే, ఎత్తు ఒకటే. ఒక చోట వచ్చిన రక్షణ మరొక చోట రాకపోతే తప్పు చెట్టుది కాదు.

ద్రాక్షతోటల పోలిక వాళ్ళే తెచ్చారు గనుక ఆ పోలికను చివరిదాకా తీసుకుపోదాం. కాలిఫోర్నియాలో డెలానో ప్రాంతపు ద్రాక్షతోటల కూలీలు 1965 సెప్టెంబరు 8న సమ్మె కట్టారు. మొదట ఫిలిప్పీనో కూలీలు, వారం తరువాత సీజర్ చావెజ్ నాయకత్వాన మెక్సికన్ కూలీలు. సమ్మె అయిదేళ్ళు సాగింది. 1970లో యజమానులు ఒప్పందాల మీద సంతకాలు చేశారు. ఆ విజయంలో కూలీల పట్టుదలతో పాటు మరొక శక్తి వుంది. అమెరికా నగరాలలోని సామాన్య కుటుంబాలు, భార్యాభర్తలు, ఆ ద్రాక్షను కొనడం మానేశారు. తినేవాడు కోసేవాడి పక్షాన నిలబడ్డాడు. యాత్రా రచయితలు కాలిఫోర్నియా నుంచి ఏదైనా తేదలచుకుంటే ఈ పాఠం తేవాలి. రుచి చూచే పద్ధతి ఒక్కటే తెచ్చి, ఇదెందుకు వదిలివేశారు?

అందుచేత బందరు పోయే జంటను మనం శత్రువుగా చూడనక్కరలేదు. ఆ ఇద్దరిలో ఒకరు స్కూలు టీచరు కావచ్చు, మరొకరు బ్యాంకు గుమాస్తా కావచ్చు. వారి సెలవు కూడా నానాటికి కోతపడుతున్నదే. ఒప్పంద ఉద్యోగం, రాత్రి పూట కూడా మోగే ఫోను, ఆదివారం కూడా అడిగే లెక్కలు, వీటి నడుమ చిక్కిన రెండు రోజులు అవి. సెలవు పోగొట్టుకుంటున్నవారికీ, సెలవే ఎరుగనివారికీ మధ్య స్నేహం సహజంగా ఏర్పడాలి. ఏర్పడకుండా అడ్డుపడే తెర ఏది? ఎదుటివాణ్ణి మనిషిగా చూపక దృశ్యంగా చూపే ఈ రచనే ఆ తెర. దానిని చింపవలసిన పని విమర్శది.

విద్యార్థి, అధ్యాపక మిత్రులకు ఒక సూచన. ఇక ముందు ఏ యాత్రా వ్యాసం చేతికి వచ్చినా, శైలి బాగుందా, వర్ణన బాగుందా అని మాత్రమే అడగకండి. ఈ దృశ్యంలో పని చేసినది ఎవరు, వారికి ముట్టినది ఎంత, వారి సెలవు ఏ రోజు అని అడగండి. కళాశాల విహారయాత్రకు దివిసీమ పోతే పల్లెలో ఒక పూట ఆగండి. చెట్టు ఎవరిది, గీసేదెవరు, పడినవారికి పరిహారం అందిందా అని విచారించి వ్రాసుకురండి. మంగినపూడిలో ఉత్సవం జరిగితే వేదిక మీద కూర్చున్నవారి పేర్లతో పాటు వేదిక కట్టినవారి కూలి ఎంతో కూడా వ్రాయండి. అటువంటి వ్యాసం అందంగా వుండదని భయపడవద్దు. అరవై అడుగుల మాను మీద, ఒక మోకు ఆధారంగా, తెల్లవారుజామున గెల చెక్కుతున్న మనిషిని ఉన్నదున్నట్లు వర్ణించగలిగితే, అంతకన్న గొప్ప దృశ్యం ఈ డెల్టాలో మరొకటి లేదు.

సముద్రం చూచే హక్కు అందరిదీ. చెట్టు దిగి, కత్తి పక్కన పెట్టి, భార్యతో కలిసి రెండు రోజులు ఎక్కడికైనా పోయి, ఇల్లు గడవదేమోనన్న బెంగ లేకుండా తిరిగి రాగలిగిన గీత కార్మికుడు కనిపించిన నాడు మనం కూడా యాత్రా వ్యాసం వ్రాద్దాం. ఆ వ్యాసం అతడే వ్రాస్తే మరీ మంచిది.